ఉస్మానియా పాత భవనం: రోగులు వెళ్లిపోయాక ఏం చేయాలి?

అఫ్జల్‌గంజ్ వాసి:
2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. కొత్త వార్డుల కోసం పాత భవనాన్ని కూల్చాలన్న వాదనకు దాంతో ఆధారం పోయింది. అయినా "ఆ గుమ్మటాలు ఇంకెందుకు" అనేవారు తగ్గలేదు. నా మట్టుకు అది నిలవాలి, మ్యూజియంగా మాత్రం కాదు.

మాజీ హౌస్‌సర్జన్:
గుమ్మటాలు రోడ్డు మీద వెళ్లేవారికి ముచ్చటే. 2020 జూలైలో కింది వార్డుల్లో వాన నీరు నిలిచినప్పుడు మంచాల మీద ఉన్నవారిని అడగండి. తరువాత పాత భవనం ఖాళీ చేసి, రోగులను పక్క బ్లాకుల్లో ఇరికించారు. రోగికి అక్కరకు రాని గోడలకు కోట్లు పోయడం నాకు మింగుడుపడదు.

సున్నం పనివాడు:
డాక్టరు గారూ, వార్డుల్లోకి నీరు రావడం కాలువల సంగతి. గోడల జబ్బు వేరు. సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చి మళ్లీ వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని గచ్చు ఊడుతుంది. పైన రావి మొక్కలను పీకకుండా వదిలేస్తే వేళ్లు రాయిని చీలుస్తాయి. ఇవన్నీ వైద్యం ఉన్న జబ్బులే.

అఫ్జల్‌గంజ్ వాసి:
అసలు ఒక్క భవనాన్నే చూస్తున్నాం, చిక్కంతా అక్కడే. 1908 సెప్టెంబరులో మూసీ నది వరద ఈ ఒడ్డును ఊడ్చేసింది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు హయాంలో నగరం కొత్త రూపు దిద్దుకుంది. నదికి ఇవతల ఆసుపత్రి, అవతల హైకోర్టు, సిటీ కాలేజీ వచ్చాయి. వాటి రూపకల్పనలో బ్రిటిష్ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ పాత్ర ఉంది. ఆ తరువాత ఆసుపత్రి పక్కనే ఆసఫియా గ్రంథాలయం లేచింది. నయాపూల్ వంతెన మీద ఆగి చూడండి, ఇవి విడివిడి కట్టడాలు కావు.

ఇప్పుడు హైకోర్టు కూడా రాజేంద్రనగర్‌కు తరలనుంది, 2024లో శంకుస్థాపన అయింది. అంటే రెండు ఒడ్డులూ ఖాళీ. మందుల దుకాణాలు, టీ బండ్లు, వకీళ్ల గుమాస్తాలు ఎటు పోవాలి? దీని గురించి మాట్లాడేవారే కనబడరు. అందుకే పాత భవనాన్ని బాగుచేసి ఓపీ అక్కడే నడపమంటాను. పాతబస్తీ రోగికి గోషామహల్ వరకు పోయే పని తప్పుతుంది.

మాజీ హౌస్‌సర్జన్:
ఓపీ అయితే ఒప్పుకుంటాను. మందులు, రక్త పరీక్షలు కూడా అక్కడే ఉండాలి. మెట్లెక్కలేని వృద్ధుల కోసం లిఫ్టు ఎక్కడ పెడతారో చెప్పండి, సున్నం పనివాడు గారూ.

సున్నం పనివాడు:
వెనక వైపు, గోడను తాకకుండా ఉక్కు చట్రంలో పెట్టవచ్చు. ముఖద్వారం జోలికి మాత్రం పోవద్దు.