గూఢచారి మ్యూజిక్‌లో ఆ చివరి దెబ్బ కీబోర్డ్‌లో ఎలా వస్తుంది?

కీబోర్డ్ వాయించేవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం సాయం చేయండి. మాది తిరుపతి. వచ్చే నెల మా నాయనకు భీమరథ శాంతి, అంటే డెబ్బై ఏళ్లకు చేసే వేడుక. ఆయన కృష్ణ అభిమాని. 1966లో 'గూఢచారి 116' చిత్తూరులో నేల టికెట్ కొని చూశాడట, ఆ కథ ఇప్పటికి వందసార్లు విన్నాను. తర్వాత జేమ్స్ బాండ్ పిచ్చి కూడా పట్టుకుంది. 'గోల్డ్‌ఫింగర్'లో కారు పైకప్పు తెరుచుకుని పక్క సీటులో మనిషి ఎగిరిపోయే సీను చెప్పేటప్పుడు చేత్తో గేరు మీద బటన్ నొక్కి మరీ చూపిస్తాడు.

అందుకే ఆయన హాల్లోకి వచ్చేటప్పుడు 'డాక్టర్ నో' నాటి బాండ్ థీమ్ వాయిద్దామనుకున్నా. ఇ మైనర్ స్కేల్‌లో ఎడమచేతి వరస వచ్చేసింది. గిటార్ టోన్ మాత్రం పెళ్లి బ్యాండులా మోగుతోంది. అన్నిటికంటే టెన్షన్ చివరి కార్డ్‌తోనే (కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి నొక్కేది). ఉత్త ఇ మైనర్ నొక్కితే కథ కంచికి చేరినట్టుంది, ఆ అనుమానం మిగలడం లేదు. అందులో ఇంకే స్వరాలు కలపాలి? గిటార్‌కు ఏ టోన్ పెట్టాలి?

పురోహితుడు ఒప్పుకున్నాడు, అమ్మే ఇంకా ఒప్పుకోలేదు.