లినోకట్ బొమ్మ పక్కన హత్య సంగతి రాయాలా, వద్దా?

సిరామరక:
ఉక్రెయిన్ చిత్రకారిణి అల్లా హోర్స్కా తన స్నేహితుడు, సాహిత్య విమర్శకుడు ఇవాన్ స్విత్లిచ్నీ ముఖాన్ని లినోకట్‌గా, అంటే లినోలియం పలక మీద తవ్వి అచ్చు తీసే బొమ్మగా, చెక్కింది. కీవ్‌లో సోవియట్ పాలనను ఎదిరించిన 1960ల నాటి అసమ్మతివాదుల మ్యూజియంలో ఆవిడ పనులున్నాయి. అయితే ఆవిడ గురించి ఎక్కడ చదివినా మొదటి ముక్క ఒకటే, 1970 నవంబరు 28న కీవ్ దగ్గరి వసిల్కివ్ ఊళ్ళో హత్య చేశారని. అది చదివాక ఇంక బొమ్మనెవరు చూస్తారు? లేబుల్ మీద పేరు, ఏడాది, మాధ్యమం చాలు. జాలితో మార్కులేస్తే ఆవిడకే అవమానం.

గోదారిగట్టు:
జాలి ఎవరడిగారండీ? 1964లో కీవ్ యూనివర్సిటీ కోసం ఆవిడా ఇంకొందరూ కలిసి చేసిన ఉక్రెయిన్ జాతీయ కవి షెవ్‌చెంకో రంగుటద్దాల బొమ్మను అధికారులు ప్రారంభానికి ముందే పగలగొట్టించారు, పైగా ఆవిణ్ణి కళాకారుల సంఘంలోంచి తీసేశారు. మళ్ళీ చేర్చుకుని, రాజకీయ కేసుల మీద నిరసన లేఖకు సంతకం పెట్టినందుకు 1968లో మళ్ళీ గెంటేశారు. స్విత్లిచ్నీ సంగతీ అంతే, 1965లో అరెస్టు, 1972లో ఇంకోసారి, ఏడేళ్ళు ఖైదీల శ్రమ క్యాంపు, ఆ తర్వాత ఐదేళ్ళు ప్రవాస శిక్ష. ఇదంతా తీసేస్తే గోడ మీద ఎవరో మీసాలాయన మిగులుతాడు.

ఉలిపిచ్చి:
ఇద్దరూ చరిత్రే మాట్లాడుతున్నారు, పని సంగతి ఎవరికీ పట్టలేదు. నేను లినో చెక్కుతాను కాబట్టి చెప్తున్నా. తవ్విన చోట తెలుపు, వదిలేసిన చోట సిరా అంటుకుని నలుపు, మధ్యలో బూడిద రంగు ఉండదు. బుగ్గ మీద కాస్త నీడ కావాలంటే సన్న గీతలు పక్కపక్కనే తవ్వుకుంటూ పోవాలి, ఉలి జారి ముక్కు కొన ఎగిరిపోయిందంటే ఆ పలక పోయినట్టే. దానికి తోడు అచ్చులో ముఖం తిరగబడుతుంది, రోజూ చూసే మనిషైతే ఏదో తేడాగా కనిపిస్తుంది, అందుకే పలక మీద ముందే తిప్పి గీసుకోవాలి. ప్రెస్సు కూడా అక్కర్లేదు, కాగితం పరిచి చెంచా వీపుతో రుద్దినా బొమ్మ దిగుతుంది. ప్రెస్సులన్నీ ప్రభుత్వం చేతిలో ఉన్న దేశంలో అదేమన్నా చిన్న విషయమా? లేబుల్ మీద రాయాల్సింది ఇదీ.

సిరామరక:
చెంచా సంగతి బాగుంది, కానీ లినో చెక్కినంత మాత్రాన తిరుగుబాటు అయిపోతుందా? అదే కాలపు ఉక్రెయిన్ చిత్రకారుడు హియోర్హీ యకుటోవిచ్ కూడా లినో చెక్కాడు, ఆయనకు ప్రభుత్వమే షెవ్‌చెంకో బహుమతి ఇచ్చింది.

గోదారిగట్టు:
అందుకేగా నేననేది, పని ఒకటే అయినా ఒకరికి బహుమతి, ఇంకొకరికి బహిష్కారం. ఆ తేడా బొమ్మలో కనిపించదు, ఎవరో ఒకరు చెప్పాలి. ఇంక హత్య సంగతికొస్తే, ఆవిడ భర్త తండ్రే ఆవిణ్ణి చంపి తానూ రైలు కింద పడ్డాడని కేసు మూసేశారు. సోవియట్ రహస్య పోలీసు కేజీబీ పనేనని స్నేహితుల అనుమానం. మ్యూజియం నోరు విప్పకపోతే కేసు మూసినవాళ్ళ మాటే ఖాయమైపోతుంది.

పక్కబెంచీ:
ఓ పని చేస్తే? బొమ్మ పక్కన పేరు, ఏడాది, చెక్కిన పద్ధతి. మిగతాదంతా గది బయటికెళ్ళే దారిలో పెద్ద అక్షరాలతో. ముందు చూస్తారు, తర్వాత చదువుతారు.

సిరామరక:
అలా అయితే నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఆ పెద్ద అక్షరాలు కూడా రంగుటద్దాలతో మొదలవ్వాలి, హత్యతో కాదు.

గోదారిగట్టు:
హత్య సంగతి చివర్లో వచ్చినా సరే, ఉంటే చాలు. బయటికెళ్ళే దారిలో ఆగి చదివేవాళ్ళు ఎంతమందో మీరే చెప్పండి మరి.