నాఖ్ ఆడమ్ రీజె: ఎవరీ ఆడమ్?

ప్రశ్న: హోటల్లో బిల్లు పంచుకునేటప్పుడు జర్మన్లు "మనిషికి పన్నెండు యూరోలు, నాఖ్ ఆడమ్ రీజె" అంటుంటారు. ఆడమ్ రీజె లెక్క ప్రకారం అని అర్థమట. ఎవరండీ ఈయన? మనకిలాంటి మాట ఉందా?

జవాబు: అసలు పేరు ఆడమ్ రీస్, పదహారో శతాబ్దపు జర్మన్ లెక్కల మాస్టారు. చివరి 'ఎ' పాత జర్మన్‌లోని విభక్తి ప్రత్యయం, జాతీయంతోపాటు అతుక్కుపోయింది.

1492 ప్రాంతంలో జర్మనీలోని ష్టాఫెల్‌ష్టైన్‌లో పుట్టాడు. ఎర్‌ఫుర్ట్‌లో లెక్కల బడి నడిపి, తర్వాత వెండి గనుల ఊరైన అన్నాబర్గ్ చేరి గనుల పద్దులు చూసే ఉద్యోగం చేశాడు. 1559లో పోయాడు.

అప్పటి పండితులు లాటిన్‌లో రాసేవారు. ఈయన మాత్రం వ్యాపారం నేర్చుకునే కుర్రాళ్ల కోసం జర్మన్‌లో రాశాడు. 1522 నాటి పుస్తకంలో రెండు పద్ధతులున్నాయి: గీతల బల్ల మీద బిళ్లలు జరపడం, కలంతో అంకెలు వేయడం. గీత మీద పెట్టిన బిళ్ల ఒకటో, పదో, వందో అవుతుంది. గీతల మధ్య పెడితే ఐదు, యాభై, ఐదొందలు. బిళ్లలతో మొదలుపెట్టిన పిల్లలే లెక్కలో చురుకవుతారని తన పాఠాల అనుభవంతో రాశాడు. ఆ తర్వాతే మన దేశం నుంచి అరబ్బుల మీదుగా వెళ్లిన అంకెలు. నన్నడిగితే ఆయన గొప్పతనమంతా ఈ వరసలోనే ఉంది. ఆ పుస్తకం వందకు పైగా ముద్రణలు పొందింది.

1536లో రొట్టెల పట్టికలు కూడా అచ్చువేశాడు. అప్పట్లో ధాన్యం ధర పెరిగితే రొట్టె ధర మారేది కాదు, బరువు తగ్గేది, ఇప్పటి ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌లాగే! ఎంత తగ్గాలో పట్టికలో ఉంటే రొట్టెలవాడి ఇష్టారాజ్యం సాగదు కదా.

వ్యాఖ్య: అయితే పెద్ద గణిత మేధావే!

జవాబు: కొత్త సిద్ధాంతాలు వెతికితే పెద్దగా దొరకవండి. బీజగణితం మీద 1524లో 'కోస్' రాశాడు కానీ, అది అచ్చయింది 1992లో! పేరు నిలబెట్టింది బజారు లెక్కలే.

వ్యాఖ్య: మనకు పావులూరి మల్లన లేడా? మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

జవాబు: ఉన్నాడు, నిజమే. కానీ "మల్లన లెక్క ప్రకారం నువ్వే నాకు బాకీ" అని ఎవరైనా అనగా విన్నారా? ఉత్త "లెక్క ప్రకారం" అంటాం, అంతే. ఇంకోటి, జర్మన్లు ఈ మాటను ఎక్కువగా ఎవరైనా సరిచూసుకోగల చిన్న లెక్కలకే వాడతారు.