అద్దె ఇంటి చిన్న గదికి ఎలాంటి డిప్ బార్లు సరిపోతాయి?

ప్రశ్న: హన్మకొండలో మేము అద్దెకుంటున్న ఇంట్లో వ్యాయామానికి మిగిలింది ఎనిమిదడుగుల గది ఒక్కటే, పైగా గోడలకు రంధ్రాలు వేయడానికి ఇంటి ఓనరు ఒప్పుకోరు. నా బరువు 82 కిలోలు. డిప్స్‌తో (రెండు బార్లను చేతులతో పట్టుకుని ఒంటిని కిందికి దించి పైకి లేపే వ్యాయామంతో) పాటు వీపుకు కూడా పనికొచ్చి, తర్వాత మంచం కిందికి తోయగలిగే సామాను ఏదో అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు 1: తమ్ముడూ, విడి బార్ల జత కాకుండా, అడ్డకడ్డీతో కలిపి బిగించి, పని అయ్యాక విప్పుకునేవి తీసుకో. నేను మొదట కొన్న విడి బార్లలో ఒకటి, నున్నటి టైల్స్ మీద నేను కిందికి దిగుతుండగానే పక్కకు జారి, నా మోచేయి గీరుకుపోయింది. అందుకే బార్ల కాళ్లకున్న రబ్బరు తొడుగులు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకుని, కింద రబ్బరు చాప పరుచుకో. పట్టుల మధ్య దూరం భుజాల వెడల్పు కంటే కొంచెమే ఎక్కువుండాలి. మరీ ఎడంగా ఉంటే భుజం కీళ్ల మీద భారం పడుతుంది.

జవాబు 2: అన్న చెప్పింది నిజం. బరువు పరిమితి చూసేటప్పుడు, మున్ముందు వీపుకు తగిలించుకోబోయే సంచీ బరువునూ కలిపి లెక్కించండి. అవే బార్ల కింద వెల్లకిలా పడుకుని, మడమలు నేలకు ఆనించి, ఛాతీని బారు దాకా లాక్కుంటే వీపుకు మంచి పని దొరుకుతుంది. కాళ్ల వ్యాయామానికి మాత్రం బరువులు మార్చుకునే డంబెల్స్ జత వేరుగా కొనుక్కుంటే మంచిది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలన్నా. భుజాలు టేపుతో కొలుచుకున్నాకే దుకాణానికి వెళ్తాను.