‘దిగడం’ అంటే లోపలికా, బయటికా?

అడిగినవారు: ఒసాకాలో ఉంటాను. నలుగురు కూర్చుని బిళ్లలతో ఆడే ఇక్కడి మాజాంగ్ ఆటను మన మిత్రుల కోసం తెలుగులో రాసుకుంటూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. జపాన్ ఆటగాళ్ల నోట ఎప్పుడూ నానే మాట ‘ఓషిహికి’. ఓషి అంటే తోయడం, హికి అంటే లాగడం. ఎవరైనా ‘రీచి’ అని వెయ్యి పాయింట్ల పుల్ల బల్ల మీద పెట్టారంటే, గెలుపుకు ఒక్క బిళ్ల దూరంలో ఉన్నామని చాటినట్టు. వాళ్లకు కావలసిన ఆ బిళ్ల మన చేతి నుంచి పడితే మొత్తం మనమే చెల్లించాలి. అప్పుడు మన చేతిని, అంటే కూర్చుకున్న బిళ్లలను, పట్టుకొని ముందుకు పోవాలా, గెలుపు ఆశ వదిలి ఒళ్లు కాపాడుకోవాలా? ఆ తూకమే ఓషిహికి.

రెండో పనికి వాళ్ల క్రియ ‘ఓరిరు’. రైలు దిగినా, పదవి నుంచి దిగినా అదే మాట. మనకూ దిగడం ఉంది కదా అని నిశ్చింతగా ‘ఎదుటివాడు రీచి అన్నాడా, దిగిపో’ అని రాశాను. చదివిన మా తమ్ముడు ఇంకా జోరుగా ఆడాడు. అడిగితే ‘దిగమన్నావుగా’ అన్నాడు. తప్పు వాడిది కాదు. మరి ఏ మాట వాడాలి?

ఒక సభ్యుడు: ఇంత ఆలోచన దేనికండి, ‘డ్రాప్’ అనండి. రమ్మీలోనూ 13 ముక్కలే, మాజాంగ్‌లోనూ 13 బిళ్లలే అంటారు కదా. పేకాట తెలిసిన ఇంట్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

అడిగినవారు: నేనూ మొదట అదే రాసి కొట్టేశాను. 101 పూల్ రమ్మీలో మొదటే డ్రాప్ అయితే 20 పాయింట్ల జరిమానా, మధ్యలో అయితే 40, చివరిదాకా కూర్చొని పట్టుబడితే 80. వెల ముందే తెలుసు. ముక్కలు బోర్లించి టీ తాగవచ్చు. మాజాంగ్‌లో ఆ సుఖం లేదు. ఆశ వదిలినా బల్ల దగ్గర నుంచి లేవకూడదు. వంతు రాగానే బిళ్ల తీయాలి, ఒకటి వేయాలి. వేసేది క్షేమమైనదై ఉండాలి. రీచి అన్నవాడు తాను వేసిన బిళ్ల మీద ఇంకొకరి నుంచి గెలవకూడదని నియమం కాబట్టి, వాడి ముందు పడి ఉన్న బిళ్లలే మనకు దిక్కు. అవి వేయడానికి కూర్చుకున్న వరసను మన చేతులతో మనమే విరగ్గొట్టుకోవాలి. ఇంత చేసినా నష్టం తప్పుతుందని లేదు. ఎవరూ గెలవకుండా ఆట ముగిసి, వాడొక్కడే ఒక్క బిళ్ల దూరంలో మిగిలితే మిగతా ముగ్గురం తలో వెయ్యి ఇవ్వాలి. వాడే స్వయంగా తీసుకుని గెలిస్తే అందరి చేతా వసూలు.

మరొకరు: ఆట నాకు రాదు కానీ ఈ తకరారు నాకు నచ్చింది. తెలుగులో పోటీ ఎప్పుడూ పల్లంలో ఉంటుంది. బరిలోకి దిగుతాం, రంగంలోకి దిగుతాం, గోదాలోకి దిగుతాం. మన కుస్తీ గోదా నేలను తవ్వి మట్టిని మెత్తబరచినది. సుమో బరి మట్టితో ఎత్తుగా కట్టిన దిమ్మె. అందుకేనేమో, పోటీకి దిగడాన్ని జపనీయులు ‘బరి మీదికి ఎక్కడం’ అంటారు. వాళ్లకు ఎక్కితే పోటీ, దిగితే విరమణ. మనకు దిగితే పోటీ. మీ తమ్ముడిని తెలుగే మోసం చేసింది.

ఇంకొకరు: ‘లో’, ‘లోకి’ చేరితే లోపలికి, ‘నుంచి’ చేరితే బయటికి. ‘పందెంలో దిగాడు’ సరే, ‘పందెం నుంచి దిగాడు’ మాత్రం చెవికి ఎక్కదు. తప్పుకున్నాడు అంటాం.

ఒక సభ్యుడు: పోనీ ‘తోక ముడవడం’?

అడిగినవారు: వద్దండి. తెలుగులో వెనక్కి తగ్గడానికి ఉన్న మాటలన్నీ తిట్లే అయి కూర్చున్నాయి, చిక్కంతా అక్కడే. ఒక చేతిని చూపిస్తాను, పిరికితనం ఎక్కడుందో మీరే చెప్పండి.

ఆట సగం దాటింది. డీలరు రీచి అన్నాడు. గెలుపుకు మూడేసి బిళ్లల గుంపులు నాలుగు, ఒక జంట కావాలి. నా చేతిలో గుంపులు మూడూ, జంటా పూర్తి. అంకెల బిళ్లల్లో వాన్, వలయాలు, వెదురు అని మూడు రకాలు, ఒక్కో రకంలో 1 నుంచి 9 దాకా. నాకు మిగిలింది వాన్ రకంలో 4, 6. మధ్యలో 5 వస్తే గెలుపు. ఒక్కో బిళ్ల నాలుగేసి ఉంటాయి, వాన్ 5లు రెండు అప్పటికే బల్ల మీద పడ్డాయి. మిగిలినవి రెండే, అవి ఎవరి దగ్గరున్నాయో. ఆ దశకు చేరడానికి వలయాల 5 వేయాలి. అది ఇంతవరకు ఎవరూ వేయనిది, వరసకు నట్టనడిమిది, నిప్పులాంటిది. నేనూ రీచి అని, ఎదుటివాడి బిళ్ల మీద గెలిస్తే నా చేతికి 1300, డీలరు పెట్టిన పుల్ల వెయ్యి. అదే వలయాల 5 వాడికి కావలసిందైతే? వాడి చేతిలో రీచి, పిన్ఫు (గుంపులన్నీ వరసలే అయి, చివరి బిళ్ల కోసం రెండు వైపులా చూసే చేయి), ఒక దోరా (అదనపు విలువ తెచ్చే బిళ్ల) ఉంటే 5800. రీచి అని గెలిచాక తిప్పి చూసే, అడుగున దాగిన దోరా ఇంకొకటి తేలితే 11600. ఆట మొదట్లో అందరికీ ఇచ్చేది 25000. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే, పైగా ఆ కొండ మన మీదే కూలవచ్చు.

ఇప్పుడు నా చేతిని మారుద్దాం. 4, 6 బదులు 4, 5 ఉన్నాయి. అటు 3 వచ్చినా, ఇటు 6 వచ్చినా గెలుపే, లెక్కకు 8 బిళ్లలు. గుంపులన్నీ వరసలే, కాబట్టి పిన్ఫు. చేతిలో 1, 9, దిక్కుల బిళ్లలు, డ్రాగన్ బిళ్లలు ఏవీ లేవు, దానికీ విలువుంది. దోరా ఒకటుంది. రీచితో కలిపి 7700. వేయాల్సింది అదే వలయాల 5, ప్రమాదం రవ్వంతైనా తగ్గలేదు. అయినా ఈసారి కళ్లు మూసుకుని వేస్తాను. చూడాల్సింది బిళ్ల ఒక్కదాన్నే కాదు, అది వేసి కొనేదేమిటో చూడాలి.

మొదటి చేతినీ తోసిన రోజులున్నాయి నాకు. వలయాల 5 దాటిపోయింది, ఎవరూ ఏమీ అనలేదు. చాలాసార్లు దాటిపోతుంది, అదే ఉచ్చు. రీచి అన్నాక చేయి బిగిసిపోతుంది, తీసిన బిళ్ల పనికిరాకపోతే దాన్నే వేయాలి. మూడో వంతులో వెదురు 7 వచ్చింది. వేశాను. 11600.

మరొకరు: తోయడానికి తెలుగులో కొరత లేదండి. తెగించడం ఉంది. ఆ వెయ్యి పుల్ల పెట్టడానికి ‘ఒడ్డడం’ అతికినట్టు సరిపోతుంది. ధర్మరాజు రాజ్యాన్ని ఒడ్డాడు, తమ్ములను ఒడ్డాడు. ఈ రోజుల్లో ఆ క్రియ ఎక్కువగా ‘ప్రాణాలొడ్డి’ అనే పలుకుబడిలోనే వినిపిస్తుంది, మీ పుల్లతో బయటికి వస్తే సంతోషమే. ఇంకో తమాషా, ఏటి ఒడ్డు అంటే క్షేమం, పందెం ఒడ్డితే ప్రమాదం.

ఒక తెలుగు మాస్టారు: నాయనా, మీరు చెప్పిన దాంట్లో పారిపోవడం ఎక్కడా లేదు. లేవడం లేదు, బల్ల దగ్గరే ఉండి ఒక్కో బిళ్లా చూసి వేస్తున్నారు. అది ‘కాచుకోవడం’. దెబ్బ కాచుకోవడం ఉంది, అదను కోసం కాచుకుని కూర్చోవడమూ ఉంది. ఇవాళ విరగ్గొట్టిన చేయి రెండు మూడు వంతుల్లో మళ్లీ కూడుతుందా?

అడిగినవారు: కూడుతుంది మాస్టారు! క్షేమమైనవి వేస్తూ చుట్టు తిరిగి మళ్లీ గెలుపు దారిలోకి రావడానికి ‘మవాషి’ అని వాళ్లకు వేరే మాటే ఉంది. ముందుచూపు ఉన్నవాళ్లు ఎవరూ రీచి అనకముందే, అందరూ వేస్తున్న ‘ఉత్తరం’ బిళ్ల లాంటిది ఒకటి పక్కన దాస్తారు. చేయి కాస్త నెమ్మదిస్తుంది, కానీ రీచి పడ్డ వంతులో వేయడానికి ఒకటుంటుంది. అలాంటి క్షేమమైన బిళ్ల పేరు ‘అన్‌పాయి’. మాజాంగ్ ఆడని జపనీయులు కూడా ఏ ఇబ్బందీ తెచ్చిపెట్టని మనిషిని అన్‌పాయి అంటారు.

మాస్టారు: అయితే దానికి ‘కాపు బిళ్ల’ అని పెట్టండి.

అడిగినవారు: పెట్టేశాను. తెగించు, ఒడ్డు, కాచుకో, మూడు మాటలూ కుదిరాయి. నిన్న రాత్రి ఫోనులో ఆడుతూ డీలరు రీచి అనగానే తమ్ముడితో ‘ఇక కాచుకో’ అన్నాను. ‘ఎవరికి చెబుతున్నావు, నాకే సవాలా?’ అని మళ్లీ వలయాల 5 వేశాడు. దాటిపోయింది.