గ్రేడియస్ మూడో స్టేజ్‌లో చనిపోయాక తేరుకోవడం ఎలా?

నమస్కారం అండి. కొనామి 1985లో తెచ్చిన ఆర్కేడ్ గ్రేడియస్ (అంతరిక్ష ఓడతో శత్రువులను కాల్చే వీడియో గేమ్) బాగా ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి.

మొదటి రెండు స్టేజ్‌లు ఇబ్బంది లేకుండా దాటుతున్నాను. మూడో స్టేజ్‌లో మోవాయ్ రాతి తలలు నోరు తెరిచి రింగులు వదులుతాయి కదా, అక్కడే ఆగిపోతున్నాను. లేజర్, ఆప్షన్లు (ఓడ వెంట తిరుగుతూ దానితోపాటు కాల్చే గోళాలు) ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. ఒక్క రింగు తగిలిందంటే అన్నీ పోయి, ఖాళీ ఓడతో వెనకటి చెక్‌పాయింట్ నుంచి మొదలుపెట్టాలి. ఆ నెమ్మది ఓడతో రింగుల మధ్య తిరగడం నా వల్ల కావట్లేదు.

అలాంటప్పుడు మొదట దొరికే క్యాప్సూల్‌ని (శత్రువులను కొడితే వచ్చే శక్తి గుళిక) వెంటనే స్పీడ్ అప్‌కి వాడేయాలా? ఆప్షన్ కావాలంటే తెర కింద శక్తులు చూపే మీటర్‌లో ఐదు క్యాప్సూల్స్ కూడాలి, అంతవరకు ఆ వేగంతో బతకడం కష్టం. స్పీడ్ రెండుసార్లు పెంచితే చాలా, ఇంకా కావాలా? తర్వాత మిసైల్ తీసుకోవాలా, లేక పైనున్న తలల కోసం డబుల్ (పైకి ఏటవాలుగా కూడా కాల్చే ఆయుధం) మేలా? నోరు తెరిచినప్పుడే వాటికి దెబ్బ తగులుతుంది కాబట్టి, తలల్ని కొట్టడం మానేసి రింగుల్ని మాత్రమే కాల్చుకుంటూ దాటేయడం మంచిదా?

1986 ఫామికామ్ (ఇంట్లో ఆడే నింటెండో గేమ్ యంత్రం) వెర్షన్‌లోని, శక్తులన్నీ ఒకేసారి ఇచ్చే 'పైకి పైకి కిందకి కిందకి' చీట్ కోడ్ మాత్రం చెప్పకండి, నాకు ఆర్కేడ్ ఆటనే నిజంగా నేర్చుకోవాలనుంది. మీరు ఓడను తెరమీద ఎక్కడ నిలుపుతారో కూడా చెబితే చాలా మేలు.