ప్రోగ్రామ్‌లోంచి ఇంటర్నెట్ ఉందో లేదో నమ్మకంగా తెలుసుకోవడం ఎలా? - సీ షార్ప్, విండోస్ 10

ప్రశ్న:
నమస్తే అండీ. మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. భాష సీ షార్ప్, స్క్రీన్లకు విన్‌ఫామ్స్. బిల్లు సేవ్ కాగానే మా సర్వర్‌కి వెళ్లాలి. పంపే ముందు నెట్ ఉందో లేదో గెట్‌ఈజ్‌నెట్‌వర్క్‌అవైలబుల్ అనే ఫంక్షన్‌తో చెక్ చేస్తున్నాను. నెట్ లేనప్పుడు కూడా అది ట్రూ అనే చెబుతోంది. సరేనని పంపబోతే స్క్రీన్ నిమిషానికి పైగా బిగుసుకుపోతోంది. కౌంటర్ ముందు జనం, ఇటు షాపు వాళ్ల ఫోన్లు, ఒకటే టెన్షన్. గూగుల్‌కి పింగ్ (పలుకుతోందా అని అడిగే చిన్న సందేశం) కొట్టి చూడమని ఒకరన్నారు. అది సరైన పద్ధతేనా?

జవాబు:
ఆ ఫంక్షన్ చూసేది ఇంటర్నెట్‌ని కాదండీ. లూప్‌బ్యాక్ (కంప్యూటర్ తనతో తనే మాట్లాడుకునేది), టన్నెల్ (వేరే కనెక్షన్ లోపల నడిచేది) కాని ఏ నెట్‌వర్క్ అడాప్టర్ అయినా ఒకటి ‘అప్’లో ఉంటే చాలు, ట్రూ ఇస్తుంది. షాపులో కరెంటు పోయిందనుకోండి. వైఫై రౌటర్ యూపీఎస్ మీద వెలుగుతూనే ఉంటుంది, ఫైబర్ వచ్చి చేరే డబ్బా మాత్రం ఆరిపోయి ఉంటుంది. కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య లింకు బాగానే ఉంది కాబట్టి ట్రూ. వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ లాంటివి (కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్లు) ఉన్న మెషీన్‌లో అయితే కేబుల్ పీకేసినా వాటి వర్చువల్ అడాప్టర్ల వల్ల ట్రూ రావచ్చు. బ్రౌజర్‌లో నెట్ ఉందా అని చెప్పే నావిగేటర్ డాట్ ఆన్‌లైన్‌ది కూడా దాదాపు ఇదే కథ. ఇలాంటివి ‘లేదు’ అంటే చాలావరకు నమ్మొచ్చు. ‘ఉంది’ అంటే మాత్రం నమ్మకండి.

ఇక పింగ్. చాలా ఆఫీసుల్లో, కాలేజీల్లో ఫైర్‌వాల్ పింగ్ వాడే ఐసీఎంపీ ప్రోటోకాల్‌ని ఆపేస్తుంది. వెబ్‌సైట్లన్నీ చక్కగా తెరుచుకుంటున్నా పింగ్ ఫెయిల్ అవుతుంది. పోనీ పింగ్ వచ్చిందనుకున్నా, గూగుల్ పలికితే మీకేం లాభం? మీకు కావలసింది మీ సర్వర్ పలకడం.

మరో సభ్యుడు:
లాగిన్ పేజీల సంగతి కూడా చూసుకోండి. రైల్వే స్టేషన్లలో, హోటళ్లలో వైఫై కలుస్తుంది, కానీ ఓటీపీ కొట్టేదాకా ఏ హెచ్‌టీటీపీ అడ్రసు అడిగినా వాళ్ల లాగిన్ పేజీయే వస్తుంది. అది 200 (‘అంతా సరే’ అనే) కోడ్‌తోనే రావచ్చు. ‘200 వచ్చింది, నెట్ ఉంది’ అని రాసిన ప్రోగ్రామ్ అక్కడ మోసపోతుంది. విండోస్ 10 అందుకే మైక్రోసాఫ్ట్ వాళ్ల సైట్ నుంచి ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ తెచ్చుకుని, అందులో సరిగ్గా ‘మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్’ అనే ఉందా అని చూస్తుంది. ఆండ్రాయిడ్ అయితే జెనరేట్ 204 అనే అడ్రసును పిలిచి, ఖాళీ జవాబుతో 204 కోడే రావాలంటుంది. మీ సర్వర్‌లోనూ అలాంటి అడ్రసు ఒకటి పెట్టుకోండి. హెచ్‌టీటీపీఎస్‌లో పెడితే ఇంకా మంచిది. లాగిన్ పేజీ మీ సర్వర్ గుర్తింపు పత్రమైన సర్టిఫికెట్‌ని చూపించలేదు కాబట్టి రిక్వెస్ట్ అక్కడే ఆగిపోతుంది.

అడిగినవారు:
చాలా థాంక్స్. అయితే ప్రతి బిల్లుకీ ముందు ఆ 204 అడ్రసును పిలిచి, తర్వాత బిల్లు పంపమంటారా?

జవాబు:
వద్దండీ. చెక్ చేసిన క్షణంలో ఉన్న నెట్ పంపే క్షణంలో ఉండాలని లేదు. ముందు చెక్ ఎంత పకడ్బందీగా రాసినా ఆ సందు పూడదు. పైగా ప్రతి బిల్లుకీ ఒక రిక్వెస్ట్ అదనం. నేరుగా బిల్లే పంపండి. అది చేరిందా లేదా అన్నదే మీ చెక్.

స్క్రీన్ బిగుసుకుపోవడానికి కారణం వేరే. హెచ్‌టీటీపీ‌క్లయింట్ (వెబ్‌కి రిక్వెస్ట్ పంపే సీ షార్ప్ క్లాస్) డిఫాల్ట్ టైమవుట్, అంటే జవాబు కోసం ఆగే సమయం, 100 సెకన్లు. మీరు బహుశా డాట్ రిజల్ట్ అని పిలుస్తున్నారు, దాంతో జవాబు వచ్చేదాకా యూఐ థ్రెడ్ (స్క్రీన్‌ని నడిపే భాగం) ఆగిపోతుంది. స్క్రీన్‌ని ఆపకుండా ఎదురుచూసే అవెయిట్ వాడండి, టైమవుట్ 10 సెకన్లకు తగ్గించండి. బిల్లుబిల్లుకీ కొత్త హెచ్‌టీటీపీ‌క్లయింట్ చేయకుండా ఒక్కదాన్నే వాడుకోండి.

అసలు బిల్లు కొట్టడానికీ నెట్‌కీ ముడి పెట్టకండి. బిల్లు ముందు లోకల్ డేటాబేస్‌లో పడాలి, ఎస్‌క్యూలైట్ సరిపోతుంది. ప్రింట్ వచ్చేయాలి. మందు కోసం నిలబడ్డ మనిషి మీ సర్వర్ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. వెనక నడిచే టాస్క్ ఒకటి అలా డేటాబేస్‌లో చేరిన వరసలోంచి ఒక్కో బిల్లూ తీసి పంపుతుంది. చేరకపోతే 5 సెకన్లాగి, తర్వాత 10, 20, ఇలా వ్యవధి పెంచుకుంటూ మళ్లీ పంపండి, 5 నిమిషాలకు మించి మాత్రం పెంచకండి. ఆ వ్యవధికి కొంచెం రాండమ్‌గా కలపండి. ఊళ్లో కరెంటు రాగానే షాపులన్నీ ఒకే సెకనులో సర్వర్ మీద పడకుండా ఉంటాయి.

ఒక్కటి మాత్రం అస్సలు మరిచిపోకండి. బిల్లు సర్వర్‌కి చేరి, జవాబు తిరిగొచ్చేలోపు నెట్ పోతే మీకు టైమవుట్ వస్తుంది. మళ్లీ పంపితే అదే బిల్లు రెండుసార్లు ఎక్కుతుంది, స్టాకు రెండుసార్లు తగ్గుతుంది. బిల్లు పుట్టినప్పుడే దానికో జీయూఐడీ (మరెక్కడా రాని ప్రత్యేక నంబరు) ఇచ్చి, ఆ కాలమ్‌ని సర్వర్‌లో యూనిక్ చేయండి. అదే నంబరు మళ్లీ వస్తే సర్వర్ ‘అందింది’ అని చెప్పి ఊరుకోవాలి.

అడిగినవారు:
డూప్లికేట్ స్టాకు గొడవ రెండు షాపుల్లో ఉంది, ఇప్పుడు కారణం తెలిసింది! మరి పాత చెక్ పూర్తిగా తీసేయాలా?

జవాబు:
తీసేయండి. దాని బదులు, కంప్యూటర్ నెట్‌వర్క్ అడ్రసు మారినప్పుడు విండోస్ ఇచ్చే కబురు వాడుకోండి. నెట్‌వర్క్‌అడ్రస్‌ఛేంజ్‌డ్ ఈవెంట్ వచ్చిందంటే కనెక్షన్‌లో ఏదో మారిందని. అప్పుడు 5 నిమిషాలు ఆగకుండా వెంటనే ఒకసారి పంపి చూడొచ్చు. ఆ ఈవెంట్ యూఐ థ్రెడ్ మీద వస్తుందనుకోకండి, లేబుల్ మార్చాలంటే ఆ పనిని యూఐ థ్రెడ్‌కి అప్పగించే ఇన్వోక్ వాడాలి. ఇంకో సంగతి, సర్వర్ 400 కోడ్ ఇస్తే అది నెట్ సమస్య కాదు, బిల్లులోనే తప్పుంది. దాన్ని పక్కన పెట్టి మిగతావి పంపండి, లేకపోతే వరసంతా దాని వెనకే ఆగిపోతుంది.

ఇంకొకరు:
ఆండ్రాయిడ్ యాప్‌లో ఇదే కావాలంటే?

జవాబు:
ఆండ్రాయిడ్ 6 నుంచి నెట్‌వర్క్‌కేపబిలిటీస్ అనే క్లాస్‌లో ‘వ్యాలిడేటెడ్’ అనే గుర్తు ఉంది. పైన చెప్పిన 204 పరీక్ష సిస్టమే చేసి పెడుతుంది, మీరు అది ఉందో లేదో చూస్తే చాలు. పంపే పనిని, నెట్ వచ్చినప్పుడు దాన్ని నడిపించే వర్క్‌మేనేజర్‌కి అప్పగించండి.

అడిగినవారు:
చివరి ప్రశ్న. నెట్ లేనప్పుడు స్క్రీన్ మీద ఏం చూపించాలి? ఇప్పుడైతే ఎర్ర బాక్స్ వస్తోంది.

జవాబు:
బాక్స్ తీసేయండి, బిల్లు కొట్టే చేతికి అడ్డం. కింద మూలన చిన్న అక్షరాల్లో ‘పంపాల్సిన బిల్లులు: 7, చివరిగా వెళ్లింది: 11:42’ అని చూపిస్తే చాలు. షాపు వాళ్లు ఫోన్ చేసినప్పుడు ఆ లైను చదవమంటే మీకూ విషయం తెలిసిపోతుంది. టెస్ట్ చేసేటప్పుడు కంప్యూటర్ వైఫై ఆపకండి. రౌటర్‌కి బయటి నుంచి వచ్చే కేబుల్ పీకి చూడండి.